టేపు ఎక్కడి నుంచి పట్టాలి: అలంపూర్‌లో ఇంటి అనుమతి కోసం తిరిగిన నా అనుభవం

అలంపూర్‌లో మా నాన్నకు రెండు జాగాలున్నాయి. ఒకటి ముత్తాత కట్టిన మట్టి మిద్దె. నవబ్రహ్మ ఆలయాల వెనుక సందులో, బాలబ్రహ్మేశ్వరుడి గుడిలో గంట కొడితే మా వంటింట్లో వినిపించేంత దగ్గర. రెండోది అక్కడికి నైరుతి దిక్కున, నాలుగు మలుపులు తిరిగాక వచ్చే దొడ్డి. 300 గజాలుంటుంది. ఒకప్పుడు ఎద్దులు, బండి, గడ్డివాము అక్కడే ఉండేవి. ఇప్పుడు ఒక వేపచెట్టు, ఒక రాతి తొట్టి, చుట్టూ ముళ్లకంప మిగిలాయి.

మిద్దె కూల్చేసి అదే చోట రెండంతస్తుల ఇల్లు వేయాలని మా అన్న పట్టుదల. దొడ్డిని నా పేర రాసి, నేను ఉద్యోగం విరమించాక ఊళ్లోనే ఉండేలా ఒక ఇల్లు కట్టించాలని నాన్న ఆశ. నేను గద్వాలలో లెక్కల టీచర్‌ని. ఈ రెండు పనులకూ ఊళ్లో మున్సిపాలిటీ ఒక్కటే సరిపోదని, ఢిల్లీలోని జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ దాకా దస్త్రం వెళ్లాలని తెలిసినప్పుడు అన్నకు కోపం ఆగలేదు. "మన తాత కట్టిన ఇంటికి ఢిల్లీ వాళ్ల సెలవు ఏమిటి చెల్లీ?" అన్నాడు. అతడి కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ చట్టం చదివాక నాకు కోపం కంటే కుతూహలం ఎక్కువైంది.

సంగతి ఇది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ప్రతి కట్టడం చుట్టూ రెండు వలయాలుంటాయి. రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం. అక్కడి నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించి ఈ లెక్కను గట్టిగా బిగించారు. మా ఊళ్లో బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో తుంగభద్ర ఒడ్డున కట్టిన తొమ్మిది గుళ్లున్నాయి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. అన్నీ బ్రహ్మ పేరుతో ఉన్నా అన్నీ శివాలయాలే. అవి కాక ఊరికి కాస్త దూరంలో పాపనాశి ఆలయాల సముదాయం ఉంది. అదీ కేంద్రం రక్షణలోనిదే. అంటే మా ఊరి వాళ్లు ఒక వలయంలో లేకపోయినా ఇంకో వలయంలో పడే వీలుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. పాపనాశి గుళ్లు మొదట ఇప్పుడున్న చోట లేవు. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునిగిపోతాయని వాటిని విప్పి, తెచ్చి, మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా అలాగే మా ఊరికి వచ్చింది. గుడి కదిలితే 100 మీటర్ల గీత కూడా దాని వెంటే కదులుతుంది. మనుషులకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. ఎంత చిన్నదైనా కుదరదు. ఇది విన్న అన్న వెంటనే ఒక ఉపాయం చెప్పాడు: "కొత్తది వద్దు. ఉన్న ఇంటినే, ఉన్న కొలతల్లోనే పడగొట్టి కడదాం." చట్టం రాసినవాళ్లు అన్నలాంటి వాళ్లను ముందే చూసి ఉంటారు. పాత కట్టడం ఎంత పొడవు, వెడల్పు, ఎత్తు ఉందో అంతే కొలతల్లో మళ్లీ లేపడాన్ని పునర్నిర్మాణం అన్నారు, దానికీ మొదటి వలయంలో చోటు లేదన్నారు. అక్కడ చేసుకోదగింది మరమ్మతు ఒక్కటే. అది కూడా 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న కట్టడమైతేనే, లేదా ఆ తర్వాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ అనుమతితో కట్టినదైతేనే. రెండో వలయంలో కొత్తది కట్టుకోవచ్చు, కూల్చి కట్టుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు, అన్నిటికీ ముందుగా అనుమతి తీసుకోవాలి.

అలా మిద్దె మరమ్మతుకు, దొడ్డి కొత్త ఇంటికి అని పని రెండుగా చీలింది. నేను దొడ్డితో మొదలుపెట్టాను.

ప్లాన్లు గీసే ఒకాయన దగ్గరికి వెళితే ఆయన చిటికె వేసినంత తేలిక చేసి చెప్పాడు. అప్పట్లో రాష్ట్రంలో ఇళ్ల అనుమతులిచ్చిన ఆన్‌లైన్ విధానం టీఎస్ బీపాస్‌లో 600 గజాల లోపు జాగాకు, 10 మీటర్ల లోపు ఎత్తుకు స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడే అనుమతి వస్తుందని, గుడి సంగతి ఎత్తకుండా వేసేద్దామని. "అందరూ అంతే చేస్తారు మేడమ్" అన్నాడు. స్వీయ ధ్రువీకరణ అంటే రేపు ఏ తేడా వచ్చినా మెడకు చుట్టుకునేది సంతకం పెట్టిన యజమానికే. నియంత్రిత ప్రాంతంలో అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది. పిల్లలకు పాఠం చెప్పే నేను నలభై లక్షల ఇంటిని అబద్ధం మీద లేపదలచుకోలేదు. ఆయనకు నమస్కారం పెట్టి కర్నూలులో మరో ఇంజనీరును చూసుకున్నాను.

అసలు పాఠం దూరం కొలవడం దగ్గర మొదలైంది. మా అన్న ఒక ఆదివారం పొడవాటి టేపు తెచ్చి, ధ్వజస్తంభం నుంచి మొదలుపెట్టి సందులన్నీ తిరుగుతూ దొడ్డి దాకా కొలిచాడు. 200 మీటర్లు దాటింది. గెలిచినవాడిలా చూశాడు. కానీ గుడికీ ఇంటికీ మధ్య దూరం నడిచే దారిని బట్టి కాదు, పిట్ట ఎగిరే గీతను బట్టి. అలా చూస్తే ధ్వజస్తంభం నుంచి 170 మీటర్లు. సరే, అది ఎక్కడి నుంచి? గర్భగుడి గోడ నుంచా, ప్రాకారం నుంచా, పురావస్తు శాఖ వేసిన ఇనుప కంచె నుంచా? కంచె నుంచి చూస్తే 105 మీటర్లు వచ్చింది. ఇంకేం, నిషేధిత వలయం దాటేశాం అనుకున్నాం. మా కర్నూలు ఇంజనీరు మాత్రం పెదవి విరిచాడు. చట్టం చెప్పేది రక్షిత ప్రాంతం హద్దు. కంచె ఎక్కడ వేశారన్నది వాళ్ల వీలు. హద్దు ఎక్కడుందన్నది వాళ్ల పటంలో ఉంటుంది. రెండూ ఒకే చోట ఉండాలని లేదు.

ఇంటికి సంబంధించిన అన్ని కాగితాల్లోకీ ముందు తెచ్చుకోవలసింది ఆ హద్దు ఎక్కడుందన్న సమాచారం. పురావస్తు శాఖ సిబ్బంది వచ్చి చూసి, పటంతో సరిచూసి చెప్పిన లెక్క ప్రకారం మా దొడ్డి ఈశాన్య మూల హద్దుకు 96 మీటర్ల దూరంలో ఉంది. నైరుతి మూల 115 దాటింది. అంటే 100 మీటర్ల వలయం గీత మా దొడ్డిలోంచే పోతోంది.

ఆ రాత్రి గ్రాఫ్ కాగితం మీద దొడ్డిని గీసి, దాని మీద ఆ చాపాన్ని దింపాను. ఎన్నో ఏళ్లుగా పదో తరగతి పిల్లలకు వృత్తాలు, చాపాలు చెప్పాను గానీ, ఒక చాపం నా సొంత జాగాను కోయడం ఇదే మొదటిసారి. మూలన ఒక ముక్క తెగిపోయింది, మూడు వైపుల్లో ఒక వైపు ఉబ్బిన త్రిభుజంలా. అందులో వేపచెట్టు, రాతి తొట్టి రెండూ పడ్డాయి. ఆ ముక్కలో గది కాదు కదా, సెప్టిక్ ట్యాంకుకు కూడా చోటు లేదు. ప్రహరీ గోడ కూడా నిర్మాణమే కాబట్టి ఆ మూలన గోడ గీతను ప్లానులోంచి తీసేసి కంప కంచెతో సరిపెట్టుకున్నాం. ఇల్లు మొత్తం నైరుతికి జరిగింది.

ఈ సంగతి నాన్నకు ఎలా చెప్పాలా అని మథనపడ్డాను. ఆయన ప్లాను కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఈశాన్యం ఖాళీ, నైరుతి బరువు. సిద్ధాంతి అయితే దీనికే వెయ్యి రూపాయలు పుచ్చుకునేవాడు" అన్నారు. నాన్నతో తగువు అక్కడితో తీరిపోయింది.

అన్నిటికంటే ఎక్కువ విసిగించింది చట్టం కాదు, కొలత కాదు. జాగా మాదేనని చూపించడం. అర్జీతో పాటు యాజమాన్య పత్రం కావాలి. మా మిద్దె, మా దొడ్డి రెండూ గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన జాగాలో ఉన్నాయి. తెలంగాణలో పల్లె ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఈ మాట వింటేనే అర్థమైపోతుంది. పొలానికి పట్టా ఉంటుంది, పహాణీ ఉంటుంది. ఊరి నడిబొడ్డున తరతరాలుగా ఉన్న ఇంటికి ఇంటిపన్ను రసీదు తప్ప ఏమీ ఉండదు. "లింకు డాక్యుమెంట్లు, పాత అమ్మకం కాగితాలు లేవా అమ్మా?" అని ఇంజనీరు నన్ను అడిగితే నాన్న, "ఒకరి దగ్గర కొన్నదైతే కదా కాగితం ఉండేది" అన్నారు.

దీని గురించి చాలా ఆలోచించాను. మా ఊరే కాదు, ఏ పాత ఊరైనా ఇంతే. గుడికి ఎంత దగ్గరగా ఉంటే ఇల్లు అంత పాతది. ఇల్లు ఎంత పాతదైతే కాగితం అంత తక్కువ. రోడ్డు పక్కన పోయినేడు వెంచరులో ప్లాటు కొన్నవాడి దగ్గర దస్తావేజులు కట్టలుగా ఉంటాయి, అతడికి ఈ అనుమతి అవసరమే రాదు. పది తరాలుగా గుడి నీడన ఉన్నవాడు మాత్రం ఆ ఇల్లు తనదేనని రుజువు చేసుకోవాలి. పురాతన కట్టడాన్ని కాపాడుకోవాలన్న నియమంతో నాకు పేచీ లేదు. ఆ నియమం కింద బతికేవాళ్ల కాగితాలు కూడా పురాతనమైనవే అయి ఉంటాయని నియమం రాసినవాళ్లకు తట్టి ఉంటే బాగుండేది.

మా దగ్గర ఉన్నవి ఇవి. ఒక ఇనుప తీగకు గుచ్చిన పన్ను రసీదుల గుత్తి. అందులో కొన్ని 2009 అక్టోబరు వరదల్లో తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తాత, ఆయన తమ్ముడు పంచుకున్నప్పుడు రాసుకున్న పంపకాల కాగితం. దానికంటే పాతది మరొకటి ఉర్దూలో ఉంది. 1956 దాకా అలంపూర్, గద్వాల రెండూ హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి కదా, నిజాం నాటి మా ఊరి పాత కాగితాలు చాలా మటుకు అలాగే ఉర్దూలో ఉంటాయి. ఉద్యోగం విరమించిన ఒక ఉర్దూ మాస్టారు భూతద్దం పెట్టుకుని చదివి పెట్టారు. అందులో దొడ్డికి నాలుగు దిక్కులా హద్దులు రాసి ఉన్నాయి: తూర్పున ఫలానావారి ఇల్లు, ఉత్తరాన సర్కారీ బాట అని. ఆ బాట ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ ఒక్క వాక్యం మా పని చాలా తేలిక చేసింది.

ఉర్దూ కాగితానికి తెలుగు అనువాదం రాయించి నోటరీ చేయించాం. మున్సిపాలిటీ నుంచి ఇంటి నంబరుతో, పన్ను చెల్లింపులతో ధ్రువపత్రం తీసుకున్నాం. తాత తమ్ముడి సంతానం, అంటే మా పెదనాన్నలు, చిన్నాన్నలు, వాళ్ల పిల్లలు, అందరి దగ్గరా ఆక్షేపణ లేదన్న సంతకాలు కావాలి. ఒక చిన్నాన్న కొడుకు పుణెలో ఉంటాడు. ఇంకొక పెదనాన్నకు నాన్నతో పాత పట్టింపులున్నాయి, పలకరింపులు కూడా లేవు. ఆయన ఇంటికి నేనే వెళ్లాను. ఆయన టీ తాగమన్నారు, జొన్నల ధర గురించి మాట్లాడారు, నది నీళ్ల గురించి మాట్లాడారు, చివరికి కళ్లద్దాలు అడిగి సంతకం పెట్టారు. "మీ నాన్నను ఒకసారి రమ్మను" అని మాత్రం అన్నారు. నాన్న వెళ్లారు. ఈ అనుమతి వల్ల కలిగిన లాభాల్లో దీన్నీ లెక్క వేయాలి. ఆ తర్వాత నాన్న దొడ్డిని నా పేర దానపత్రంగా రిజిస్టరు చేయించారు. అర్జీకి కావలసిన పత్రం అప్పటికి చేతికొచ్చింది.

తర్వాతి మెట్టు ఎత్తు. ఇంటి ఎత్తు అంటే అందరం పై స్లాబు వరకే అనుకుంటాం. అర్జీలో రెండు గళ్లుంటాయి: మెట్ల గది, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు కలపకుండా ఎంత, కలిపి ఎంత అని. కలిపిన లెక్కే వాళ్లకు ముఖ్యం. గుడి నుంచి చూసేవాడి కంటికి నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు కూడా ఇంటిలో భాగమే కదా. మొదటి ప్లానులో కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. స్లాబు వరకు 7 మీటర్లు. పిట్టగోడతో 8. మెట్ల గదితో 9.5. దాని నెత్తిన ట్యాంకు పెడితే 11.

ఆ సాయంత్రం ఇంజనీరును వెంటబెట్టుకుని గుడి ఆవరణలోకి వెళ్లాను. స్వర్గబ్రహ్మ గుడి దగ్గర నిలబడి పడమటి వైపు చూస్తే కనిపించేవి ఇవి: మిద్దెల వరస, వాటి పైన ట్యాంకులు, డిష్ యాంటెనాలు, ఒక సెల్ టవరు. ఇక్కడి శిఖరాలు ఉత్తరాది నాగర పద్ధతిలో, పైకి పోతూ లోపలికి ఒంగిన అంచులతో ఉంటాయి. ఒక్క తారకబ్రహ్మ శిఖరమే దక్షిణాది తీరులో అంతస్తులుగా ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. కానీ శిఖరం చెక్కిన శిల్పి దాని వెనుక ఆకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడని ఆ రోజే గమనించాను. ఆ ఆకాశంలోకి మరో ట్యాంకు దూర్చాలని నాకూ అనిపించలేదు. ఇది గొప్ప త్యాగం కాదు. రేపు పైన కూర్చుని గుళ్లు చూడాలని నాకూ ఆశ ఉంది. అందరూ అదే ఆశతో లేపుకుంటూ పోతే వెనుకవాడికి నా గోడ తప్ప ఏమీ కనిపించదు.

ప్లాను మార్చాం. కింద ఇల్లు, పైన ఒక్క మేడగది. దాని పైకి ఎవరూ ఎక్కరు కాబట్టి దానికి పిట్టగోడ అక్కరలేదు. మెట్లు బయటి నుంచి, కప్పు లేకుండా. నేలలో నీళ్ల సంపు, చిన్న ట్యాంకు కింది స్లాబు మీద వెనుక వైపు. అన్నీ కలిపి 7 మీటర్లకు వచ్చింది. వాన పడేటప్పుడు మేడ ఎక్కాలంటే గొడుగు కావాలి, పర్వాలేదు.

అర్జీలో అడిగే మిగతా ప్రశ్నలు చూస్తే ఇల్లు కట్టేవాడు మామూలుగా ఆలోచించనివే. పునాది ఎంత లోతు తవ్వుతారు? నేలమాళిగ ఉందా? గుడికీ మీ జాగాకూ మధ్య రోడ్డు ఉందా? గుడి దగ్గర ఉన్న ఆధునిక కట్టడాల్లో అన్నిటికంటే ఎత్తైనది ఎంత ఎత్తు? మీ జాగా దగ్గర? పని ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ముగిస్తారు? పక్కింటివాళ్ల ఎత్తులు కొలవడానికి వెళితే ఒకాయన నన్ను పన్ను వేసే మనిషి అనుకుని తలుపు వేసుకున్నాడు. చివరికి మా స్కూలు పిల్లలు నేర్చుకునే త్రికోణమితే దిక్కయింది. నీడ పొడవు కొలిచి ఎత్తు లెక్కగట్టాను. ఇంజనీరు నవ్వి, తన పరికరంతో మళ్లీ చూసి, అంకె ఒప్పుకున్నాడు.

అర్జీ పెట్టడం ఆన్‌లైన్‌లోనే. జాగా మూలలు ఉపగ్రహ పటంలో ఎక్కడున్నాయో చూపాలి. రాష్ట్రానికి ఒక సమర్థాధికారి ఉంటారు, దస్త్రం మొదట వారికి చేరుతుంది. చట్టం ప్రకారం వారు 15 రోజుల్లో ఢిల్లీకి పంపాలి. ఢిల్లీ సంస్థ రెండు నెలల్లో తన అభిప్రాయం చెప్పాలి. అది అందిన నెలలోపు సమర్థాధికారి అనుమతో తిరస్కారమో ఇవ్వాలి. కాగితం మీద గడువులు చక్కగా ఉన్నాయి. మా దస్త్రం నడుమ ఒకచోట ఆగింది. ఎక్కడ అన్నది ఇక్కడ రాయను. ఆగిన చోట ఉన్న మనిషి చెడ్డవాడు కాదు, ఆయన బల్ల మీద అలాంటివి చాలా ఉన్నాయి, అంతే. ఫోను చేసి అరిచేకంటే దస్త్రం సంఖ్య, తేదీ, అందులో ఏ పేజీలో ఏముందో రాసి మర్యాదగా ఉత్తరం పెడితే పని కదిలింది. ఒకసారి ఇల్లును నిలువునా కోసినట్టు చూపే బొమ్మ, ప్రతి ఎత్తూ మీటర్లలో రాసి, మళ్లీ పంపమన్నారు. పంపాం.

ఢిల్లీ సంస్థ సమావేశాల వివరాలు దాని వెబ్‌సైట్‌లో పెడతారు. ఒక రోజు అందులో వెతుకుతుంటే ఢిల్లీ, ఆగ్రా ఇళ్ల వరసల నడుమ మా దొడ్డి కనిపించింది. జోగులాంబ గద్వాల జిల్లా, అలంపూర్, ఇంత దూరం, ఇంత ఎత్తు అని ఒకే ఒక్క వరస. మా ఇంటి గురించి అన్ని రోజులు రాసుకున్న పేజీలన్నీ ఆ ఒక్క వరసలోకి ఇమిడిపోయాయి. నాన్నకు ఫోనులో చూపిస్తే తన పేరెక్కడ అని అడిగారు.

అనుమతి పత్రం షరతులతో వచ్చింది. ఒప్పుకున్న ఎత్తు దాటకూడదు. ఈశాన్య మూల ముక్కలో ఏమీ కట్టకూడదు. పునాది తవ్వకంలో ఏదైనా పాత వస్తువు బయటపడితే పని ఆపి పురావస్తు శాఖకు తెలపాలి. ఆ పత్రాన్ని జతచేసి మున్సిపాలిటీ అనుమతికి వేశాను. అది త్వరగానే వచ్చింది.

పునాది తవ్వేటప్పుడు మా మేస్త్రీకి రెండు అడుగుల లోతులో చెక్కి నునుపు చేసిన ఒక రాయి తగిలింది. మూరెడు పొడవు, ఒక అంచు పక్కాగా. "గడపకు సరిగ్గా సరిపోతుందమ్మా, లక్ష్మీ వచ్చినట్టే" అన్నాడు ఆశగా. ఆ రాయిని అంగుళం కూడా జరపనివ్వలేదు. ఫోటోలు తీసి, లోతు రాసి, కబురు పెట్టాను. కూలీలకు పని లేకుండా పోయింది, మేస్త్రీ ముఖం మాడ్చుకున్నాడు. వచ్చినవాళ్లు చూసి, శిల్పం గానీ అక్షరాలు గానీ లేవని, ఏదో పాత కట్టడపు రాయేనని రాసుకుని, కొలతలు తీసుకుని పక్కన పెట్టి పని సాగించమన్నారు. మేస్త్రీ దాన్ని ఇప్పటికీ గడపకు అడుగుతూనే ఉన్నాడు, నేను ఇవ్వలేదు.

ఇక మిద్దె. అది నిషేధిత వలయంలో నికరంగా ఉంది కాబట్టి మరమ్మతుకు వేరే అర్జీ. ఇక్కడ పని చేసింది తీగకు గుచ్చిన రసీదుల గుత్తే. 1992కు ముందు ఇల్లు ఉందని చూపాలి. వరదకు తడవని వాటిలో 1984 నాటి పంచాయతీ రసీదు ఒకటి, తాత పేర కరెంటు బిల్లు ఒకటి దొరికాయి. ఏం చేయబోతున్నామో గది గదికీ రాశాం: పుచ్చిన దూలాలు మార్చడం, కప్పు మీద పాత మట్టి దింపి కొత్తగా చౌడు పరవడం, గోడలకు సున్నం, కింద నాపరాళ్లు సరిచేయడం, కరెంటు తీగలు మార్చడం. స్లాబు వేస్తామని అన్న రాయించబోతే నేనూ ఇంజనీరూ ఇద్దరం అడ్డుపడ్డాం. కప్పు తీరు మారితే అది మరమ్మతు కిందకు వస్తుందా అని ప్రశ్న లేస్తుంది, ఆ ప్రశ్నను మనంతట మనం తెచ్చుకోవడం ఎందుకని. అన్న రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత చౌడు పరిచే పనివాళ్లు ఎక్కడున్నారో వెతకడానికి తనే బయలుదేరాడు. ఇప్పుడు వాళ్లు దొరకడం అనుమతి దొరకడం కంటే కష్టం. ఇటిక్యాల వైపు ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన వచ్చి మట్టి నలిపి చూసి, వానలు పట్టకముందే పని ముగించాలన్నాడు.

ఈ పని ఎలా చేసుకోవాలని ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ప్లాను గీయించవద్దనే. ముందు హద్దు ఎక్కడుందో రాతపూర్వకంగా తెచ్చుకోండి, తర్వాత పన్ను రసీదులు వెతకండి, ఇంజనీరు ఆ తర్వాత. ఎత్తు అడిగితే ట్యాంకుతో కలిపే చెప్పమనండి. వెనుక వీధిలో ఒకాయన ఇప్పటికే మా దస్త్రం నకలు తీసుకెళ్లాడు.

దొడ్డి ఇంటికి స్లాబు పడింది. మేడగది గోడలు లేస్తున్నాయి. అన్న ఇప్పుడు సోలార్ వాటర్ హీటరు పెట్టించమంటున్నాడు. మేడగది నెత్తిన పెడితే దాని గొట్టాలు, డ్రమ్ము ఎత్తులో కలుస్తాయి కదా అని నేనన్నాను. "దాన్నీ ఢిల్లీ వాళ్లు కొలుస్తారా?" అన్నాడు. కొలుస్తారనే అనుకుని, ట్యాంకు పక్కన కింది స్లాబు మీదే చోటు చూస్తున్నాం. అక్కడ పొద్దున తొమ్మిది దాటేదాకా వేపచెట్టు నీడ పడుతోంది.